బల్ల మీది నుంచి దించిన కుక్కపిల్ల

ఈ సంగతి చెబుతానని నేను చాలాకాలంగా అంటున్నాను. వినేవాళ్లే దొరకలేదు. ఒకసారి మన పశువైద్యుల సంఘం వార్షిక సంచికకు రాసి పంపితే స్థలం చాలలేదన్నారు. అదే సంచికలో ఒకాయన ఏనుగు కాలికి కట్టు కట్టిన కథ ఫొటోలతో సహా నాలుగు పేజీలు వచ్చింది. ఇంకోసారి మా పెద్ద డాక్టర్ గారి సన్మాన సభలో రెండు నిమిషాలు మాట్లాడమన్నారు. నా వంతు వచ్చేసరికి మైకు మనిషి తీగ చుట్టుకుంటున్నాడు. ఆ సభలో ముందు వరసల వాళ్లకు చేతుల కుర్చీలు వేశారు, నాకు వేసింది స్టూలు. మొన్న సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "సార్, ఈసారి ఎవ్వరూ రాయలే. మీరు ఏదో ఒకటి ఇయ్యుండ్రి," అన్నాడు. ఏదో ఒకటి అంటే నా దగ్గర ఉన్నది ఇదొక్కటే. పెద్దది కాదు, ఏనుగు అంతకన్నా కాదు. రెండు చేతుల్లో పట్టే కుక్కపిల్ల.

పేర్లు రాయను. కుక్కపిల్ల పేరు కూడా రాయను. ఆ రోజుల్లో చిక్కడపల్లిలో సగం పామరేనియన్లకు అదే పేరు కాబట్టి రాసినా ఉపయోగం లేదు.

తొంభైల నాటి మాట. చిక్కడపల్లిలో ఒక సందు చివర మా పెద్ద డాక్టర్ గారి క్లినిక్ ఉండేది. ఆయన సర్కారు ఉద్యోగం వదిలేసి సొంతంగా పెట్టుకున్నారు. నేను ఆయన దగ్గర అసిస్టెంటును. ముందు గదిలో రెండు బెంచీలు, లోపల ఒక బల్ల, వెనక ఒక చీకటి గది, మందులు పెట్టుకునే పాత ఫ్రిజ్. ఆ ఫ్రిజ్ తలుపులో టీకా సీసాల పక్కనే పెద్ద డాక్టర్ గారి పెరుగు డబ్బా ఉండేది. నాతో పాటు ఒక కాంపౌండర్. కవాడిగూడ మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. చేతులతో పాటు నోరు కూడా పనిచేస్తూనే ఉండేది.

ఆ క్లినిక్‌లో ఒక ఆచారం ఉండేది. ఎక్కడా రాసిపెట్టలేదు గాని అందరికీ తెలుసు. పెద్ద డాక్టర్ గారు "నేను చూసుకుంట" అన్న జంతువును ఇంకెవరూ ముట్టుకోకూడదు. నేను చేరిన కొత్తలో ఆయన చూసిన ఒక పిల్లికి చెవి కట్టు ఊడిపోతే మళ్లీ కట్టాను. ఆయన వచ్చి, ఆ పిల్లిని తెచ్చినావిడ ముందరే నా కట్టు విప్పి, అదే గుడ్డతో అదే విధంగా మళ్లీ కట్టారు. ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఆ ఏడాది ఆషాఢంలో, బోనాల హడావుడి ముగుస్తున్నప్పుడు, అశోక్‌నగర్ నుంచి ఒక మామగారూ కోడలూ తెల్లటి పామరేనియన్‌ను తీసుకుని వచ్చారు. మగది, ఏడెనిమిది నెలల పిల్ల. ఆయన సెక్రటేరియట్‌లో సెక్షన్ ఆఫీసరు. ఆ అమ్మాయికి తల్లి లేదు. పెళ్లయి వచ్చాక ఒంటరిగా బాధపడుతోందని కొన్నాళ్లకు వాళ్ల అన్న ఆ కుక్కపిల్లను తెచ్చి ఇచ్చాడట. భర్తకు నిజామాబాద్‌లో ఉద్యోగం, శనివారాలు వచ్చి వెళ్లేవాడు. మిగతా రోజుల్లో ఆ అమ్మాయికి తోడు ఆ కుక్కపిల్లే. అప్పటికి ఆమె గర్భవతి.

"డాక్టర్ సాబ్," అన్నారు మామగారు, "గిది పూజ అర్ర గడప తడుపుతున్నది. చుట్టాలొస్తే కాళ్లు పట్టుకోని వదుల్తలేదు. నిన్న మా ఆఫీసర్ వస్తే ఆయన ప్యాంటు పట్టుకున్నది. నా ఇజ్జత్ పోయింది. ఆపరేషన్ చేస్తే బంద్ అయితదంటే ఉంచుకుంట. లేకుంటే మా తమ్ముని తోటకు పంపిచ్చేస్త."

"తోటల పాములుంటయి మామయ్యా," అంది కోడలు. "ఇది పరుపు మీద పండుకునే కుక్క."

"పరుపు నాది గదనే."

ఆమె నా వైపు చూసింది. ఆ చూపులో అడిగింది ఒకటే: ఏదో ఒకటి చేసి దీన్ని ఇంట్లో ఉండనివ్వండి.

కాబట్టి నా ముందున్న ప్రశ్న, విత్తులు తీయాలా వద్దా అన్నది, వైద్యం ఒక్కటే కాదు. తీస్తే ఆ కుక్క ఆ ఇంట్లో ఉంటుంది, లేకపోతే ఉండదు. ఇది ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన మీకు ముందే చెబుతున్నాను. ఎవరైనా చిన్న జాతి మగపిల్లను తెచ్చి ఆపరేషన్ సంగతి అడిగితే, కుక్కను చూసే ముందు ఆ ఇంట్లో ఎవరికి ఏం కావాలో కనుక్కోండి. ఆ రోజు నేను సగమే కనుక్కున్నాను. అత్తగారు రాలేదు. ఆమె గురించి నేను అడగలేదు.

నేను నిజాయితీగానే చెప్పాను. ఆపరేషన్ చేసినంత మాత్రాన తెల్లారేసరికి బుద్ధిమంతుడైపోదు, వేడి దిగడానికి కొన్ని వారాలు పడుతుంది, అలవాటైన పాడుపనులు కొన్ని మిగిలిపోతాయి కూడా అన్నాను. కానీ ఇంకో సంగతి ఉంది. చిత్త కార్తె. ఆ కార్తెలో వీధికుక్కలు గుంపులు కడతాయని మీ ఇంట్లో ముసలివాళ్లు తిట్టే తిట్టులోనే ఉంది. మగకుక్క ఆ రోజుల్లో గేటు తెరిచి ఉంటే ఆగదు. పెద్ద కుక్క అయితే కరిచి, కరిపించుకుని తిరిగివస్తుంది. గుప్పెడంత పామరేనియన్ వీధికుక్కల మధ్యకు వెళితే తిరిగిరాదు. అందుకని శ్రావణంలోనే చేసేద్దాం, చిత్త కార్తె వచ్చేసరికి దాని ధ్యాస తగ్గుతుంది అన్నాను.

"మగోళ్లందరికీ గీ రూల్ పెడితే సగం అశోక్‌నగర్ మన బెంచీల మీదనే ఉంటది సార్," అన్నాడు కాంపౌండర్, మందు సీసాలు తుడుస్తూ. మామగారు నవ్వలేదు. కోడలు కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ పిల్లకు పిచ్చికుక్క వ్యాధి టీకా పడలేదు. సూదిని చూస్తే పళ్లు బయటపెట్టేది. అలాంటివాటికి మేము ఆపరేషన్ బల్ల మీద మత్తులో ఉన్నప్పుడే టీకా కూడా వేసేసేవాళ్లం. రెండుసార్లు ఏడిపించడం ఎందుకని. "రెండు పనులూ ఒకే రోజు చేసేద్దాం," అన్నాను. ఆ మాట అన్నది నేనే. దాన్ని ఎవరి మీదా తోయడం లేదు.

శ్రావణంలో ఒక ఉదయం వాళ్లు వచ్చారు. పిల్లను పరగడుపున ఉంచి తెచ్చారు. మా తూకం యంత్రం పెద్ద కుక్కలకు పెట్టింది, చిన్నవాటికి ముల్లు కదిలేది కాదు. చిన్న జాతికి మత్తు మందు కొంచెం ఎక్కువైనా ప్రమాదమే. అందుకని పక్కనే ఉన్న కిరాణా కొట్టుకు వెళ్లి అక్కడి తక్కెడలో తూచేవాళ్లం. కొట్టాయన తక్కెడ పళ్లెంలో పాత పేపర్ పరుస్తూ, "నిన్న కందిపప్పు, ఇయ్యాల కుక్కపిల్ల. రేపు నాకు గిరాకీ ఎవరొస్తరు సార్," అన్నాడు. కుక్కపిల్ల పళ్లెంలో కూర్చుని ఆయన బెల్లం దిమ్మ వైపు చూసింది. ఆ అమ్మాయి గలగలా నవ్వింది. ఆమె నవ్వడం నేను మొదటిసారి విన్నది అప్పుడే.

బల్ల మీద పడుకోబెట్టి, కాంపౌండర్ పట్టుకుంటే నేను కింద బొచ్చు గీశాను. మత్తు సూది ఇంకా ఇవ్వలేదు. టీకా సీసా బయటపెట్టి ఉంది. అప్పుడు గుమ్మం దగ్గర రిక్షా ఆగింది. పసుపు రాసిన కాళ్లతో, చెప్పులు లేకుండా ఒకావిడ దిగింది. అత్తగారు. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"నాకు చెప్పకుంట తెచ్చిన్రా," అంది భర్తతో. తర్వాత నాతో, "డాక్టర్ గారూ, మొన్ననే శ్రీమంతం చేసినం. ఇంట్ల కడుపుతోని ఉన్నది. గిప్పుడు ఇంట్ల మగజీవికి కత్తి పెట్టిస్తరా?"

నేను అనకూడని విధంగా అన్నాను. "అమ్మా, కుక్క విత్తులకూ మీ కోడలి కడుపుకూ సంబంధం ఏమిటి?"

"మీకు తెల్వకపోవచ్చు. నా కొడుకు ఇన్ని నెలల నుంచి క్షవరం చేయించుకుంటలేడు. నిజామాబాద్‌ల గడ్డం పెంచుకోని సన్యాసి లెక్క ఆఫీసుకు పోతున్నడు. మా ఆయన గుళ్లె కొబ్బరికాయ కొట్టుడు బంద్ చేసిండు. గింత కాపాడుకుంట వస్తుంటే..." కోడలి వైపు చెయ్యి చూపింది. "అది తల్లి లేని పిల్ల సార్. రేపు ఏమన్న అయితే వాళ్ల అన్నకు నేనేం జవాబు చెప్పాలె?"

"అత్తమ్మా, నాకేం కాదు," అంది కోడలు. "గిది చేయించకపోతే మామయ్య దాన్ని తోటకు పంపిస్తడు."

"పంపియ్యడు. నేను చెప్తున్న గద."

మామగారు గోడ మీది క్యాలెండరు చూస్తున్నారు.

అప్పుడు మా పెద్ద డాక్టర్ గారు వచ్చారు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. నవ్వుతూనే ఉంటారు. అశోక్‌నగర్‌లో సగం ఇళ్లు ఆయనకు చుట్టరికం లాంటివి. గుమ్మంలోనే అత్తగారు చెప్పిందంతా విన్నారు. బల్ల దగ్గరికి వచ్చి, గీసిన బొచ్చు చూసి, నా భుజం మీద చెయ్యి వేశారు.

"దించవయ్యా."

"సార్, చిత్త కార్తెకు ముందే చెయ్యకపోతే..."

"పురుడు అయినంక చేద్దం. ఏమయితది. దించు. ఇగ ఈ కేసు నేను చూసుకుంట."

అందరూ విన్నారు. అత్తగారు విని చేతులు జోడించింది. కోడలు విని తలదించుకుంది. నేను విని కుక్కపిల్లను దించాను. టీకా సీసాను తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెరుగు డబ్బా పక్కన పెట్టాను. వాళ్లు వెళుతుంటే కాంపౌండర్ మెల్లగా అన్నాడు: "తిరుపతి పోయొచ్చినట్టే ఉన్నది సార్. కాకపోతే గుండు తప్పు దిక్కు గీసినం."

ఇప్పుడు వెనక్కి చూసుకుంటే తెలుస్తోంది. అత్తగారికి అభ్యంతరం కత్తితోనే, సూదితో కాదు. ఆ రోజు ఆమెతో వాదించే బదులు, "సరేనమ్మా, కత్తి వద్దు, ఒక్క టీకా వేసి పంపిస్తాను" అంటే ఆమె తనే వచ్చి కుక్కను పట్టుకునేది. ఆ మాట నాకూ తోచలేదు, పెద్ద డాక్టర్ గారికీ తోచలేదు. నేను ఓడిపోయిన కోపంలో ఉన్నాను. ఆయన గెలిచిన సంతోషంలో ఉన్నారు. కుక్క గుండుతో ఇంటికి పోయింది.

కానీ తర్వాత నాకు తోచింది. ఇక్కడ జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే నా ఫిర్యాదు ఇక్కడే మొదలవుతుంది.

వినాయక చవితి వెళ్లాక ఒక సాయంత్రం ఫ్రిజ్ తెరిస్తే ఆ సీసా కనిపించింది. పెద్ద డాక్టర్ గారు ఫోన్‌లో ఎవరితోనో ప్లాటు బేరం గురించి మాట్లాడుతున్నారు. నేను ఎదురుగా నిల్చుని, "సార్, ఆ అశోక్‌నగర్ పామరేనియన్‌కు టీకా పడలేదు. వాళ్లను పిలిపిద్దామా?" అన్నాను. ఆయన ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, "తెలుసయ్యా. నేను చూసుకుంట అన్న గద," అన్నారు. మళ్లీ ప్లాటు దగ్గరికి వెళ్లిపోయారు. కాంపౌండర్ అక్కడే ఉన్నాడు. బయటికి వచ్చాక, "పెద్దాయన తెలుసు అన్నడంటే మరిచిపోయిండని అర్థం సార్," అన్నాడు.

నేను రెండోసారి గుర్తు చేయలేదు. ఎందుకంటే ఆ పిల్లి చెవి కట్టు నాకు గుర్తుంది. నేను రోజూ స్కూటర్ మీద ఆ ఇంటి ముందు నుంచే వెళ్లేవాడిని. పైన బాల్కనీ కమ్మీల మధ్య నుంచి ఆ పిల్ల మొహం పెట్టి నా స్కూటర్‌ను మొరిగేది. ఒక్కోసారి కోడలు కూడా నిల్చుని ఉండేది. చెయ్యి ఊపేది. నేను కూడా ఊపేవాడిని. ఒకసారి ఆగి, మెట్లెక్కి, "ఒక సూది ఉందమ్మా" అని ఉంటే సరిపోయేది. ఆగలేదు. నేను అడగాల్సిన మనిషిని అడిగాను కదా అనుకున్నాను. ఆ అనుకోవడం తప్పు కాదని ఇప్పటికీ అంటాను. కానీ ఆ బాల్కనీ గుర్తొస్తే మాత్రం నా వాదన నాకే చాలదు.

చిత్త కార్తె వచ్చింది. వాళ్ల సందు మొదట్లో మునిసిపాలిటీ చెత్తకుండీ దగ్గర కుక్కలు చేరాయి. పామరేనియన్ మెడ చుట్టూ బొచ్చు ఎక్కువ, పట్టీ ఎంత బిగించినా జారుతుంది. కింద కిరాయికి ఉన్నవాళ్లు గ్యాస్ సిలిండర్ కోసం గేటు తెరిచారు. అంతే. మధ్యాహ్నం అన్నం తిని ఇల్లంతా పడుకున్న వేళ అరుపులు వినిపించాయట. అందరికంటే ముందు పరుగెత్తింది నెలలు నిండిన ఆ అమ్మాయి. అప్పటికి వీధికుక్కలు దాన్ని మధ్యలో పెట్టి లాగుతున్నాయి. ఎవరో ఇస్త్రీ బండి ఆయన కర్రతో తరిమాడు. ఆమె దాన్ని రెండు చేతులతో ఎత్తుకుంది. నొప్పికి, భయానికి, ఎవరో తెలియక, అది ఆమె మణికట్టు పట్టుకుని కరిచింది.

వాళ్లు ఆటోలో క్లినిక్‌కు వచ్చేసరికి నేనొక్కడినే ఉన్నాను. ముందు ఆమె చేతిని సబ్బుతో కుళాయి కింద పెట్టి కడిగించాను. కడుగుతున్నంతసేపూ, "ముందు దాన్ని చూడుండ్రి సార్, ముందు దాన్ని," అంటూనే ఉంది. కుక్కపిల్ల ఛాతీలో పళ్లు లోతుగా దిగాయి. తెల్లటి బొచ్చంతా ఎర్రగా ఉంది. అత్తగారు ఈసారి గుమ్మం దాటి లోపలికి వచ్చి బల్ల కాలు పట్టుకుని కూర్చుంది.

"సార్, గిది కరిచింది గద. ఏమన్న అయితదా?" అన్నారు మామగారు. నాకు తెలుసు, ఆ కుక్కకు టీకా లేదని. దాన్ని కరిచిన వీధికుక్కల సంగతి ఎవరికీ తెలియదని. నారాయణగూడ వెళ్లమన్నాను. కుక్క కరిస్తే ఊరంతా సూదులకు వెళ్లేది అక్కడికే. అప్పట్లో ఆ సూదులు బొడ్డు చుట్టూ వేసేవాళ్లు. నిండు కడుపు మీద ఎక్కడ వేస్తారని అత్తగారు ఆటో ఎక్కుతూనే ఏడుపు మొదలుపెట్టింది. అక్కడి డాక్టరమ్మ మంచి మనిషి. చేతికి వేసే రకం కూడా దొరుకుతుంది, అది తెచ్చుకోండి అందట. మామగారు ఊరంతా తిరిగి తెచ్చారు. ఆ డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది: కరిచిన కుక్కను పది రోజులు కనిపెట్టి చూడండి. అది పది రోజులూ ఆరోగ్యంగా బతికి ఉంటే భయం లేదు, సూదులు ఆపేయొచ్చు.

అలా ఆ కుక్కపిల్ల బతకడం మీద ఆ ఇంటి నిద్ర ఆధారపడింది. వెనక గదిలో పెట్టాం. కాంపౌండర్ తన గొంగడి తెచ్చి వేశాడు. నేను గాయాలు కడిగి, గ్లూకోజు ఎక్కించి, ముక్కు ముందు దూది పోగు పట్టుకుని ఊపిరి చూస్తూ కూర్చున్నాను. పెద్ద డాక్టర్ గారు వచ్చి చూసి, "బతుకుతదిలే," అన్నారు. నేను ఆయన మొహం చూశాను. ఆయన నా మొహం చూడలేదు.

మూడో రోజు పొద్దున అది పోయింది. ఛాతీలో చీము, జ్వరం, ఊపిరి అందకపోవడం. పిచ్చి లక్షణం ఒక్కటి కూడా నాకు కనపడలేదు. నా చదువు మీద ప్రమాణం చేసి చెబుతాను, అది వీధికుక్కల కాట్లకే పోయింది. కానీ పది రోజులు బతకని కుక్క గురించి "ఖాయంగా కాదు" అని రాసివ్వడానికి ఏ డాక్టరుకూ చెయ్యి రాదు. నాకూ రాలేదు. టీకా పడి ఉంటే ధైర్యంగా చెప్పి ఉండేవాడిని. కాబట్టి సూదులన్నీ పూర్తి చేయాల్సిందే. నెలలు నిండిన మనిషి ఆటోలో ఎక్కి దిగుతూ నారాయణగూడ వరసలో నిల్చోవాల్సిందే. పుట్టబోయే బిడ్డకు ఏమవుతుందో అని ఇంటిల్లిపాదీ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తిరగాల్సిందే.

ఆ మూడో రోజే ఆమె క్లినిక్‌కు వచ్చింది. కుక్కను తీసుకెళ్లడానికి. ఆమె భర్త కూడా వచ్చాడు, గడ్డం నిజంగానే ఛాతీ దాకా పెరిగింది. ఆమె బెంచీ మీద కూర్చుంది. మణికట్టుకు కట్టు. ఏడవలేదు. పెద్ద డాక్టర్ గారి వైపు చూసి అడిగింది.

"సార్, ఆ రోజు కత్తి వద్దన్నరు, సరే. ఆ టీకా ఒక్కటి ఎందుకు వెయ్యలే? వేసుంటే నాకు గింత భయం ఉండకపోవు గద."

నేను నోరు తెరిచాను. అంతకుముందే పెద్ద డాక్టర్ గారి చెయ్యి నా భుజం మీద పడింది. మెత్తగా, తండ్రి చెయ్యిలాగా.

"మావాడు మరిచిపోయిండమ్మా. పడుచోడు. ఏమనుకోకుండ్రి."

ఆమె నా వైపు చూసింది. బాల్కనీలో నుంచి చెయ్యి ఊపిన అమ్మాయి చూపు కాదు అది. కాంపౌండర్ నేల చూస్తున్నాడు. నేను అప్పుడే, "లేదు సార్, నేను మీకు గుర్తు చేశాను" అనాలి. ఎందుకు అనలేదని నన్ను చాలామంది అడిగారు, అంటే నా భార్య చాలాసార్లు అడిగింది. చచ్చిన కుక్క ముందు, నిండు గర్భిణి ముందు, ఇద్దరు డాక్టర్లు నువ్వంటే నువ్వని కొట్లాడుకోవడం నాకు చేతకాలేదు. తర్వాత ఆయనే సర్దుతారనుకున్నాను. వాళ్లింటికి వెళ్లి, "అమ్మా, ఆ కేసు నాది, తప్పు నాది" అని చెబుతారనుకున్నాను. ఆయన చెప్పలేదు. నేను అడిగితే, "ఇంకా అదే పట్టుకోని కూసున్నవా. పెద్దమనసు చేసుకోవాలె," అన్నారు. కొట్టినవాళ్లు కొట్టించుకున్నవాళ్లకు చెప్పే మాట అది.

బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. ఆరోగ్యంగా పుట్టింది. క్లినిక్‌కు మిఠాయి డబ్బా వచ్చింది, పెద్ద డాక్టర్ గారి పేరు మీద. అత్తగారు ఆ తర్వాత ఇంట్లో ఎవరికీ ఏ విషయంలోనూ "ఇట్ల చెయ్యొద్దు" అని చెప్పడం మానేసిందని కాంపౌండర్ ఎక్కడో విని వచ్చి చెప్పాడు. అది విన్నప్పుడు నాకు బాధ కలిగింది. ఆమె చెప్పిన దాంట్లో చెడు లేదు. తల్లి లేని పిల్ల పురుడు చల్లగా కావాలని చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చిన మనిషి. మూఢనమ్మకమని ఆమెను చిన్నబుచ్చిన మాట నాది. అది ఆమెకు ఎప్పటికీ చెప్పుకోలేకపోయాను. ఆమె పోయి చాలా ఏళ్లయింది.

ఆ క్లినిక్‌లో నేను ఇంకా చాలా ఏళ్లు పనిచేశాను. ఎన్నో చిన్న జాతి మగపిల్లలు వచ్చాయి. ఆపరేషన్ చేయాలా వద్దా అని అడిగినవాళ్లకు నేను మూడు రకాలుగా చెప్పేవాడిని: చేయించండి, ఆగండి, అవసరం లేదు. కుక్కను బట్టి, ఇంటిని బట్టి. కానీ టీకా మాత్రం మొదటి రోజే, వాళ్లు బెంచీ మీద సర్దుకుని కూర్చోకముందే వేసేవాడిని. మీరు కూడా అంతే చేయండి. ఆపరేషన్‌ను ఆపడానికి ప్రతి ఇంట్లో ఒకరుంటారు. దానికి ముడిపెట్టి దేన్నీ వాయిదా వేయకండి. ఇంకొకటి. "నేను చూసుకుంటా" అన్న పెద్దవాళ్లను రెండోసారి అడగండి, మూడోసారి అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం కార్యదర్శి ఫోన్ ఒక్కటే కాదు. పోయిన నెల పొద్దున పార్కులో నడుస్తుంటే ఎదురుగా ఒకావిడ వచ్చింది. నెరిసిన జుట్టు, చేతుల్లో చిన్న కుక్కపిల్ల, ముఖం నిండా బొచ్చు ఉండే ఇప్పటి రకం. ఆమె పక్కన ఒక యువతి. నేను మొహాన్ని గుర్తుపట్టలేదు, మణికట్టును గుర్తుపట్టాను. కుట్లు వేయని గాయం మానిన తెల్లటి గుర్తు. ఆమె నన్ను ముందే గుర్తుపట్టింది.

"నమస్తే సార్. మా బిడ్డ," అని ఆ యువతిని చూపించింది. పుట్టబోతూ మా అందరినీ అన్ని రోజులు భయపెట్టిన మనిషి నాకు దండం పెట్టింది.

"మగదా?" అన్నాను, కుక్కపిల్లను చూసి.

"మగదే. ఆపరేషన్ చేయించాల్నా వద్దా అని ఇంట్ల లొల్లి నడుస్తున్నది. మిమ్మల్ని అడుగుదామనుకున్న." ఆమె నవ్వింది. చెడ్డ నవ్వు కాదు, చాలాకాలం కిందట క్షమించేసినవాళ్లు నవ్వే నవ్వు. "మల్ల మీరు టీకా మరిచిపోతరేమోనని అడగలే."

కూతురు కూడా నవ్వింది. ఆ ఇంట్లో అది సరదా కథ అయిపోయిందన్నమాట. టీకా మరిచిపోయిన డాక్టరు కథ. ఆ పిల్ల చిన్నప్పటి నుంచి అన్నంతో పాటు ఆ కథ తిని పెరిగి ఉంటుంది. రేపు ఆ పిల్ల తన పిల్లలకు చెబుతుంది. ఇన్నేళ్ల తర్వాత పార్కులో నిలబడి, "అమ్మా, నేను మరిచిపోలేదు" అంటే ఎవరు నమ్ముతారు? కుక్కపిల్ల తల నిమిరి వచ్చేశాను. అది నా వేలు నాకింది.

చవితి వెళ్లాక ఆ సాయంత్రం ఫోన్ దగ్గర నిల్చుని నేను టీకా సంగతి గుర్తు చేసినప్పుడు విన్నవాళ్లు ఇద్దరు. ఒకరు కాంపౌండర్. అతను పోయాడు. పోయే ముందు ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని, "నేను ఉన్న గద సార్, విన్న గద, ఆ రోజు చెప్పకపోతి," అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. అతని జీతం ఇచ్చేది ఎవరో నాకు తెలుసు.

రెండోవారు మీరు సార్.

విద్యానగర్‌లో మీ ఇంటికి మూడుసార్లు వచ్చాను. సార్ పడుకున్నరన్నారు. ఫోన్ చేస్తే సార్ స్నానానికి పోయిండ్రన్నారు. మన సంఘం సంచిక మీ ఇంటికి వస్తుందని నాకు తెలుసు, మనవరాలితో చదివించుకుని వింటారని కూడా తెలుసు. కాబట్టి ఇది మీరు వింటారు. ఆ ఆపరేషన్ ఆపడం తప్పని నేను అనడం లేదు. ఆ కుక్క ఎందుకు చచ్చిపోయిందో అడగడం లేదు. మీ సన్మానంలో నాకు చేతుల కుర్చీ ఎందుకు వేయలేదో కూడా అడగడం లేదు. ఒక్కటే అడుగుతున్నాను. ఆ రోజు మీరు ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టినప్పుడు నేను గుర్తు చేశానా, లేదా?

జవాబు నాకు వద్దు. ఆమె ఇప్పటికీ అశోక్‌నగర్‌లో ఆ ఇంట్లోనే ఉంటుంది. బాల్కనీ కమ్మీలకు ఇప్పుడు నీలం రంగు వేశారు. ఒక్కసారి ఫోన్ తీసి ఆమెకు చెప్పండి. మీరు చూసుకుంటానన్నారు కదా సార్. చూసుకోండి.